పొడుగు పగులుకు మోగని మిషన్

ఉదయం ఏడూ పదికి సిద్దిపేటలో గజ్వేల్ బస్సెక్కాం. నేను, తమ్ముడు మల్లేశం, నా బిడ్డ స్వప్న.

మల్లేశం ఉక్కు ట్యూబుల కంపెనీలో పగుళ్లు పట్టే తనిఖీ మిషన్ నడుపుతాడు. వాడు పాస్ చేసిన ట్యూబు ఒక రైస్‌మిల్లు బాయిలర్‌లో అతుకు వెంట చీలి, ఒకతని చేయి కాలింది. డ్యూటీలో నిద్రపోయాడని వాణ్ని కొలువులోంచి పక్కన పెట్టారు. ఆ రోజే విచారణ.

పక్క సీటామె అడిగింది. "కంపెనీల పంచాయితికి ఆడివిల్లనెందుకు తీస్కపోతున్రు?"

"లెక్కలు దాని దగ్గరనే ఉన్నయి," అన్నాను.

స్వప్న ఇంజనీరింగులో పైచదువు చదువుతోంది. ఆ ట్యూబునూ మిషన్ తీగచుట్టలనూ కంప్యూటర్‌లో లెక్కలతోనే కట్టి, వారం రోజులు నడిపి చూసింది. "చుట్టలు రెండుంటయమ్మా. లోహంల కరెంటు సుడులు తిప్పి, ట్యూబుల ఈ ముక్కను దాని పక్క ముక్కతోని పోలుస్తయి. తేడా ఉంటేనే మోగుతది. పగులు పొడుగుత ఉంటే రెండు ముక్కలు ఒక్కతీరే," అని చెప్పింది. రెండు రొట్టెలూ మాడితే పోల్చి ఏం తెలుస్తుంది?

ఎనిమిదిన్నరకు గజ్వేల్‌లో ఇడ్లీ తిని, ఆటోలో తొమ్మిదింపావుకు గేటు చేరాం. పదకొండు దాకా ఎండలో నిలబెట్టారు.

లోపల విచారణలో పెద్దసారు స్వప్న లాప్‌టాప్ చూసి నవ్వాడు. "గివి బొమ్మలమ్మా. మా మిషన్ రోజు పొద్దుగాల నమూనా ట్యూబుకు మోగుతది."

"నమూనాకు మీరు కొట్టింది చిన్న రంధ్రం సార్. దానికి మోగుతది," అంది స్వప్న.

నాకు ఒళ్లు మండింది. మూలన, చీలినదానితో పాటే తయారైన మరో ట్యూబు ఉంది. లోపల అతుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టలేదని కంటికే కనిపిస్తోంది. "గదాన్ని మిషన్ల పెట్టున్రి సారూ. మేం జూస్తం," అన్నాను.

పెట్టారు. ట్యూబు ఇటు నుంచి అటు పోయింది. మిషన్ మోగలేదు.

సారు దగ్గాడు. "రేపు డ్యూటీకి రా మల్లేశం. మిషన్ గట్లనే నడవనియ్, ఆర్డర్లున్నయి. గీ ముచ్చట బయట అనకు."

నిద్రపోయాడన్న మాట తప్పని మాత్రం ఆయన నోటి వెంట రాలేదు.

రెండింటి బస్సుకు తిరిగి బయల్దేరాం. రోడ్డు నున్నగానే ఉంది, బస్సులకు కరువు లేదు. నా కోపం మాత్రం కుకునూర్‌పల్లి దాటినా దిగలేదు.

"కొలువు దొరికింది గద మామా," అంది స్వప్న.

"దొరికింది బిడ్డా. రేపు నేను పాస్ ముద్ర కొట్టేది గసువంటి ట్యూబులకే."

వాడు స్వప్న చేత సారుకు మెసేజ్ రాయించాడు. అతుకుకు వేరే పరీక్ష పెట్టేదాకా ముద్ర కొట్టనని. సిద్దిపేటలో దిగేదాకా జవాబు లేదు.

రేపటికి టిఫిన్ డబ్బా కట్టాలా వద్దా అని మరదలు ఫోన్ చేసింది. "కట్టు," అన్నాను. "వాడు పోతడు. ముద్ర మాత్రం కొట్టడు."