కూర్చోవడం కూడా మానేశానట

సిగరెట్టు మానేసి నెల దాటింది. దగ్గు తగ్గింది గానీ నీరసం మాత్రం వదల్లేదు. ఇవాళ ముంచింగిపుట్టు సంత. మా కిరాణా కొట్టు ముందు జనం నిలబడి ఉంటే, నేను ఉప్పు తూస్తూ తూస్తూ త్రాసు పక్కనే కునికిపాటు పడ్డాను. ఉప్పు కొనే మనిషే నన్ను తట్టి లేపాడు.

అరుగు మీద బుద్రమ్మ నవ్వింది. కొండ మీంచి చింతపండు అమ్మడానికి వచ్చే ముసలమ్మ. ప్రతి సంతకీ మా అరుగు మీద కూర్చుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తుంది. ఇదివరకు ఆవిడ పక్కనే నేనూ సిగరెట్టుతో కూర్చునేవాణ్ణి. మానేశాక అటు పోవడమే లేదు.

"ఏటి సావుకారూ, నిలబడే నిద్దరోతన్నావు?"

"సిగరెట్టు మానేశానమ్మా. అప్పట్నుంచీ ఒకటే నీరసం."

చుట్ట నోట్లోంచి తీసింది. "మానేత్తే మంచిదే. మరి కూకోడం కూడా ఎందుకు మానేసినావు?"

త్రాసు మా ఆవిడకి అప్పగించి వెళ్లి కూర్చున్నాను. పొగ నా మీదికి రాకుండా బుద్రమ్మ మొహం అటు తిప్పుకుంది. చేతిలో సిగరెట్టు లేకుండా కూర్చున్న నన్ను చూసి, ఒంట్లో బాగోలేదేమోనని మా ఆవిడ రెండుసార్లు తొంగి చూసింది.

నీరసం పోయిందని చెప్పను. ఆవలిస్తూనే ఇది రాస్తున్నాను. కానీ ఇన్నేళ్లూ ఈ కొట్లో నాకు కాసేపు సెలవిచ్చింది ఆ సిగరెట్టొక్కటే. మానేసినవాళ్లు చెప్పండి, ఇప్పుడు మిమ్మల్ని కూర్చోమని ఎవరంటున్నారు?