ఇలకూర ఎత్తు

ఉప్పునీటితో పోరాడి గెలిచిన ఒక జాతి వీరగాథ చెప్పబోతున్నాను. ఆ జాతి పేరు ఇలకూర. జానెడు మొక్క. అది చేసిన పోరాటం ఉప్పు నేలలో మొలవడం. నేను చేసిన సాహసం నెలకోసారి దాన్ని స్కేలుతో కొలవడం. వీరగాథ కోసం వచ్చినవారు ఇక్కడే దిగిపోవచ్చు.

డెబ్భైల చివర, ఒక మార్చి నెలలో, కాకినాడలోని ఒక సర్వే ఆఫీసులో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను. హోదాలో నా కింద ఉన్నది నా కుర్చీ ఒక్కటే. సముద్రపు పోటునీరు వచ్చిపోయే ఉప్పు పర్రలో ఏ కాలంలో మొక్కలు ఎలా మారతాయో రాయడం నా పని. మీటరు చదరం కొలిచి, నాలుగు మూలలా వెదురు మేకులు పాతి, నైలాన్ తాడు కట్టాలి. దాన్ని ప్లాటు అంటారు. నెలనెలా అందులోని మొక్కల ఎత్తు, రంగు, పూత రిజిస్టరులో ఎక్కించాలి. ప్లాటు పర్ర నడిమధ్య ఉండాలని నిబంధన. నడిమధ్యకు వెళ్లాలంటే మోకాలి లోతు బురద. నాది కొత్త ప్యాంటు. ప్లాటు గట్టు పక్కనే వెలిసింది.

వేసవంతా సవ్యంగానే నడిచింది. ఎండకు నీరు ఇగిరి ఉప్పు తెల్లగా పేరుకుంది. ఇలకూర ఎర్రబడి ముడుచుకుంది. వానలు పడి ఉప్పు కొట్టుకుపోయాక అది పచ్చటి చిగుళ్లు వేసి పైకి ఎదగాలి. చిగుళ్లు వేసింది. ఎదగలేదు. జూలైలో జానెడు, ఆగస్టులో జానెడు, సెప్టెంబరులోనూ జానెడే. పక్కలకు మాత్రం గుబురుగా పెరిగింది.

మా అధికారి విశ్వనాథం గారు మొదట స్కేలు మార్పించారు. తరవాత సిద్ధాంతం మార్చారు. గోదావరి ఉప్పు పర్రల్లో ఎదుగుదల ఆగిపోయే వింత లక్షణమేదో బయటపడిందని పై ఆఫీసుకు నోటు రాయదలిచి, ముందు కళ్లారా చూస్తానని బయల్దేరారు. ఆ నెలాఖరుకు నా ప్రొబేషన్ ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో రాయవలసింది కూడా ఆయనే.

జీపు గట్టు మీద ఆగింది. ఆయన భూతద్దం తీసి వంగారు. చిగుళ్ల కొసలన్నీ తెగి ఉన్నాయి. నేను గమనించలేదు, నా ఫారంలో ఎత్తుకు గడి ఉంది, కోతకు లేదు.

"ఇంత శుభ్రంగా ఏ పురుగు తింటుందయ్యా?" అన్నారు.

అంతలో సత్తెమ్మ గారు బుట్టతో వచ్చారు. గట్టు దిగువ పేటలో చేపలమ్మే ఆవిడ. కొలతల రోజున మధ్యాహ్నం నాకు అన్నం పెట్టేది ఆవిడే. మాకు నమస్కారం పెట్టి, తాడు దాటి, చిగుళ్లు తుంచడం మొదలుపెట్టారు.

విశ్వనాథం గారు భూతద్దం దించి, "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"కూరకండి. బాబుగారు తాడు కట్టాక ఇక్కడెవరూ తొక్కట్లేదండి. భలే లేతగా ఉంటంది."

"ఎప్పట్నుంచి తుంచుతున్నావు?"

"వానలు పడ్డకాణ్ణించీనండి. తుంచితేనే గుబురుగా వస్తాదండి. బాబుగారొచ్చిన రోజు పచ్చిరొయ్యలేసి వండుతానండి. పోయిన్నెల్లో మళ్లీ అడిగి ఏయించుకున్నారు కూడాను. చెప్పండి బాబూ, సిగ్గెందుకు?"

ఆయన రిజిస్టరు తెరిచారు. "అయితే ఆగస్టు ఎదుగుదల?"

"తిన్నానండి."

"సెప్టెంబరుది?"

సత్తెమ్మ గారే జవాబిచ్చారు. "ఆయ్, అది పొయ్యి మీదుందండి."

నోటు పై ఆఫీసుకు వెళ్లలేదు. ప్లాటు పర్ర నడిమధ్యకు వెళ్లింది, నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలకు వెళ్లింది. ఆ మధ్యాహ్నం విశ్వనాథం గారు కూడా సత్తెమ్మ గారింట్లోనే భోంచేశారు. ఆ కూర మారు వడ్డించుకున్న సంగతి తనిఖీ నివేదికలో రాయలేదు.

కొలతల్లో తేడా వచ్చినప్పుడు మొక్కను అనుమానించే ముందు, ఆ పక్కన ఎవరు బతుకుతున్నారో, వాళ్లేం వండుకుంటున్నారో అడగాలని నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ ప్రశ్నకు ఏ ఫారంలోనూ గడి కనబడలేదు.

ఇలకూరను ముందు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. కూరలో మళ్లీ ఉప్పు వేయనక్కర్లేదు.