ఉదయగిరి కూడికలో గిటారు

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఉంది. గిటారు అనవసరంగా మోగితే ఈనాటి ఆపరేటర్లు ముందు మిక్సర్ మీటలు తిప్పుతారు. వాయించే మనిషి చేతులు చూడమని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆత్మకూరు గ్రంథాలయంలో శబ్దం గురించి ఉన్నవన్నీ నేను చదివాను.

ఉద్యోగం చివరి ఏడాది, ఎండాకాలంలో, మా సౌండ్ సర్వీసు నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పంపింది. నేను సీనియర్ ఆపరేటర్ని. వైర్లు, బాక్సులు చూసే అసిస్టెంటు మస్తాన్. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. చనిపోయినామె భర్త దేవదానం మాస్టారు, రిటైరైన టీచరు, ఆమెకు ఇష్టమైన పాటకు గిటారు వాయించాలి. దానికి పికప్ బిగించి ఉంది, అంటే తీగల అదురును కరెంటుగా మార్చే పట్టీ.

అంతకుముందు ఆదివారాల్లో మా సర్వీసు సెట్టు మీద ఆ గిటారు గుయ్‌మని మోగిందట. "ఏందయ్యా మీ సెట్టు, మేకపోతు మాదిరి అరస్తా ఉండాది. ఈసారి అరిస్తే కీబోర్డుతోనే కానిస్తాం," అన్నాడు సంఘ పెద్ద.

"నా పెళ్లాం కూడికలో నన్నే పక్కన కూర్చోబెడతారంట. మిషను సంగతి చూడు నాయనా," అన్నాడు మాస్టారు.

తీగలన్నీ గుడ్డతో అదిమి వాల్యూమ్ పెంచాను. బాక్సు శబ్దమే గిటారు డొల్లలోకి దూరి తిరిగి వస్తుంటే అప్పుడూ కూత రావాలి. రాలేదు. మస్తాన్ బాక్సు జరిపాడు, తేడా లేదు. వదులైన మరలు ఏవీ కనపడలేదు. నేను వాయించి చూశాను, శుభ్రంగా పలికింది. మాస్టారు వాయిస్తే మాత్రం వేలు వదిలిన తీగ మోగుతూనే ఉంది, దానిపైన సన్నగా గంట లాంటి చప్పుడు; బాక్సులో గుయ్‌మంటున్నది అదే. తీగను నొక్కకుండా తాకీ తాకనట్టు వేలు ఆనిస్తే ఆ అతిస్వరాలు పుడతాయి.

"నొక్కినాను గదయ్యా!" అన్నాడాయన.

చెయ్యి చూపించమన్నాను. చూపుడువేలి కొన తీగకు కోసుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఎప్పుడు తెగిందో. నొప్పేం లేదే."

కూతురు రూతమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "మొన్న కాలే గిన్నె ఉత్త చేత్తో దించినాడు. ఏంది నాయనా అంటే నవ్వినాడు. షుగర్ ఉండాది, మాత్రలు ఏసుకోడు."

"ఈ పూటకి కప్పిపెట్టగలవా?" అని మాస్టారు అడిగాడు.

మోతను తగ్గించగలను గానీ వేలు నొక్కని స్వరాన్ని మిక్సర్ పుట్టించలేదని చెప్పాను. ఆయన గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. "అయితే వైరు పీకెయ్. గిటారు చేతిలో ఉండనీ," అన్నాడు.

పీకేశాను. ఆయన వేలికి గుడ్డ చుట్టుకుని పాటంతా వాయించాడు. ముందు వరస దాటి ఎవరికీ వినపడలేదు. "ఈసారి సెట్టు బాగుండాది," అని సంఘ పెద్ద నా భుజం తట్టాడు.

చేతుల్లో నరాలు చచ్చుబడ్డాయని, స్పర్శ తిరిగి రాదని నెల్లూరులో డాక్టరు అన్నాడని రూతమ్మ తర్వాత ఫోన్ చేసి చెప్పింది. ఆయన మళ్లీ వాయించలేదు.

నేర్చుకున్నది ఇది: మిక్సర్ ముట్టుకోకముందే అదే వాయిద్యాన్ని మరో మనిషి చేత వాయించి చూడాలి. మోత ఆగిందంటే మొదటి మనిషి చేతులు చూడాలి. చూసింది అతనికి చెప్పాలి.

బాక్సులు మోసిన మస్తాన్‌కు, శబ్దం పుస్తకాలు గడువు దాటినా నా దగ్గర ఉంచనిచ్చిన లైబ్రేరియన్ సుబ్బరత్నమ్మ గారికి, ఇది రాయడానికి ఒప్పుకున్న రూతమ్మకు, అడగగానే చెయ్యి చాచి చూపించిన దేవదానం మాస్టారుకు కృతజ్ఞతలు.