పెదనాన్న రేడియోకి కట్టించిన ఇనుప బోను

మా వీధి మొత్తానికి రేడియో ఉన్నది మా పెదనాన్న ఇంట్లోనే. నేనింకా పావడా కట్టుకునే పిల్లని... తమిళనాట మా రాజపాళయంలో కరెంటు కొత్త, యుద్ధం మాత్రం అప్పటికే పాతబడింది.

చెప్పేది నేను, టైపు కొట్టేది మా మనవరాలు. "అవ్వా, పోయినవాళ్లను తిట్టకూడదు" అంటోంది. నువ్వు రాయవే తల్లీ... ఆయన బతికుండగా తిట్టే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. ఇప్పుడైనా తిట్టనీ!

కొత్తలో ఆ రేడియో బాగానే పాడింది. మిద్దె మీద రెండు వెదురు కర్రల మధ్య రాగి తీగ కట్టి, కిటికీలోంచి దించి రేడియోకి తగిలించారు. గొంతు వీధి దాకా ఖంగుమని వినిపించేది. అదే మా పెదనాన్నకు కడుపుమంట. తన రేడియో ఊరంతా ఊరికే వింటోందట! పైగా పిల్లలు మీటలు తిప్పుతారని అనుమానం, ఆ రాగి తీగ ఎవడో కోసుకుపోతాడని భయం.

కమ్మరిని పిలిపించి ఇనుప బోను చేయించాడు. పాలు పిల్లి తాగకుండా పెట్టుకుంటామే, అలాంటిదే... అన్ని వైపులా సన్నటి ఇనుప వల, పైనా కిందా రేకు, ముందు తలుపు, దానికో తాళం. రేడియోని అందులో పెట్టాడు. మిద్దె మీది తీగను కూడా విప్పించి, రేడియోకి తగిలించిన కొస అలాగే ఉంచి, మిగతాది చుట్ట చుట్టి లోపలే పడేశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

అంతే... రేడియో గొంతు పడిపోయింది. గొర్రుమనే మోత తప్ప ఏమీ లేదు.

తప్పు ఎవరిదన్నాడనుకున్నారు? మా అత్తదట!

అత్త అంటే ఆయనకు సొంత చెల్లెలే, కృష్ణమ్మాళ్. మా మామ రామస్వామి మలయాలో, అదే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోట పనికి వెళ్లి యుద్ధంలో చిక్కుకుపోయాడు. ఉత్తరాలు ఆగిపోయాయి. సాయంత్రాలు రేడియోలో, అక్కడ క్షేమంగా ఉన్నవాళ్ల పేర్లు ఊరి పేరుతో సహా అరవంలో చదివేవాళ్లు. అత్త పొయ్యి మీద ఏమున్నా దించేసి, వచ్చి గడప దగ్గర కూర్చునేది.

"నువ్వు వచ్చి కూచున్న పొద్దునుంచే ఇది పాడేది లేదు" అనేవాడు పెదనాన్న. తోడబుట్టినదాన్ని అలా అనడానికి నోరెలా వచ్చిందో!

అసలు సంగతి నేను కనిపెట్టాను. మీట తిప్పడానికి ఆయన తలుపు తెరిచినప్పుడల్లా తీగ కొస బయటికి జారేది, గొంతు లేచేది. తీగను లోపలికి కుక్కి తలుపు మూయగానే మళ్లీ గొర్రు. "పెదనాన్నా, బోను మూస్తేనే పాడేది లేదు" అని చెప్పాను. చెంప ఛెళ్లుమంది. "ఇంత పిల్లవు ఉండుకొని నాకు సెప్పేదానికి వచ్చినావా?" అన్నాడు. ఆ చెంప నాకు ఇవాళ్టికీ మండుతోంది.

ఇక మామ లేడని ఆయనే తేల్చేశాడు. "ఊర్లో అందరూ అడగతా ఉండారు. అమావాస్యకి కర్మ సేసి తాళి తీసేద్దాం" అన్నాడు.

"రేడియోలో పేరు వస్తాది అన్నా" అంది అత్త.

"వచ్చేదుంటే ఇంతలోనే వచ్చుండును" అన్నాడు, అదేదో పొలం గట్టు తగాదా తీర్చినట్టు.

అమావాస్య రేపనగా, ఆ సాయంత్రం ఆయన మీట తిప్పడానికి బోను తెరిచాడు. గొంతు లేచింది... "ఊరు సేత్తూరు..." నాకు స్పష్టంగా వినిపించింది. మా పక్క ఊరే! అత్త లేచి నిలబడింది. ఆ మనిషి తీగ కుక్కి, తలుపు మూసి, తాళం వేశాడు.

"అన్నా, తెరువు! సేత్తూరు అన్నాడు, తరువాత మనూరే వస్తాదేమో!"

"సుమ్మా ఉండు, అరవకు. తెరిచి తెరిచే మిషను చెడిపోతా ఉంది."

"నీ కాళ్లు పట్టుకుంటాను అన్నా, తెరువు!"

పంచె దులుపుకుని వీధి అరుగు మీదికి పోయాడు, తాళంచెవితో సహా.

అత్త వంటింట్లోకి వెళ్లింది. ఏడవడానికేమో అనుకున్నాను. రోకలితో వచ్చింది! ఒక దెబ్బకు కొక్కెం వంగింది, ఇంకో దెబ్బకు తాళం ఎగిరి పడింది. నేను తీగ లాగి దండెం కర్రకి తగిలించాను. గొంతు ఇల్లంతా నిండింది...

"ఇంతటితో ఈనాటి పేర్లు ముగిసినవి."

పెదనాన్న చెయ్యెత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. అత్త రోకలి దించలేదు.

"నీ బోను ఇన్నాళ్లూ ఎన్ని పేర్లు మింగిందో సెప్పు అన్నా. ఆయన పేరు మింగలేదని నా ముందర నిలబడి సెప్పు. అప్పుడు వచ్చి నా తాళి తియ్యి."

ఆయన ఎత్తిన చెయ్యి దించుకుని మళ్లీ అరుగు మీదికి పోయాడు. కర్మ ఆగిపోయింది. తీగ మళ్లీ మిద్దెకెక్కింది. బోనులో మా పెద్దమ్మ పాలగిన్నె పెట్టుకుంది.

ఆ పేర్లు చదవడం మానేసేదాకా అత్త విన్నది. మామ పేరు రాలేదు... మామా రాలేదు. బోను మూసి ఉన్న రోజుల్లో చదివేశారో, అసలు చదవనే లేదో, ఎవరికీ తెలియదు. అత్త తాళితోనే పోయింది.

నిన్న మా మనవడు దుమ్ము పడుతుందని వైఫై డబ్బాను ఇనుప బీరువాలో పెట్టి తలుపు వేశాడు. నా ఫోనులో మాట ముక్కలు ముక్కలైంది. చుట్టూ ఇనుముంటే గాలిలో వచ్చే మాట చొరబడదు మరి, ఆ బోనులో లాగే. "తియ్యరా దాన్ని బయటికి!" అని కేక పెట్టాను. "సారీ అవ్వా" అని వెంటనే తీసేశాడు, పిచ్చి నాన్న... నేనెందుకు ఏడ్చానో వాడికి అర్థం కాలేదు.

తలుపు తియ్యమంటే తీసే కాలం వచ్చింది... గడప దగ్గర కూర్చుని వినేందుకు మా అత్త లేదు.

మీ ఇంట్లో రేడియో తాళంచెవి ఎవరి మొలకి ఉండేది? రాయండి... పోయినవాళ్లయినా సరే, కలిసి తిట్టుకుందాం.