మేడం పేరున్న సీసా

2004లో నేను బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక మందుల షాపులో అసిస్టెంటుగా పనిచేసేవాణ్ణి. ముందు కౌంటరు, దాని వెనక ఎప్పుడూ తలుపు వేసి ఉండే చిన్న గది. ఆ గదిలోనే నా డ్యూటీ. డాక్టరు చీటీ ప్రకారం మందు పొడులు తూచి, కలిపి, ఒక్కో రోగికి విడిగా మందు తయారుచేయడాన్ని కాంపౌండింగ్ అంటారు. కావలసిన మోతాదు కంపెనీ మాత్రల్లో దొరకనప్పుడు, లేదా ఆ మాత్రలో వాడిన రంగు ఒంటికి పడనప్పుడు ఇది నిజంగా అవసరం. తూచడం, లెక్క చూడడం మా ఫార్మసిస్టు ఇద్రీస్ గారి పని. ఆయనది సూడాన్. వంద చిల్లులున్న పలకలో ఖాళీ క్యాప్సూళ్లు నిలబెట్టి పొడి నింపడం నా వంతు. పొడి ఎగరకుండా ఫ్యాను ఆపి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ గంటలు గంటలు నిలబడేవాళ్లం. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం.

నేను చదివింది ఇంటరు వరకే. మిగతాదంతా లైబ్రరీ చదువు. డ్యూటీ లేని సాయంత్రాలు పబ్లిక్ లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఔషధశాస్త్రం పుస్తకాలు చదివేవాణ్ణి. ఆరు నోటుబుక్కులు నింపాను. ఫిల్లర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పకముందే తెలుసుకున్నాను. అసలు మందు కంటికి ఆననంత తక్కువైనప్పుడు, క్యాప్సూల్ నిండడానికి కలిపే ఉత్త పొడి అది.

ఆ రోజుల్లో బరువు తగ్గించే క్యాప్సూళ్లకు చీటీలు చాలా వచ్చేవి. ఒక్కో చీటీలో మూడు నాలుగు మందులుండేవి. వాటిలో ప్రతిదీ విడిగా పరీక్షలు దాటి వచ్చిన మందే కావచ్చు. అన్నీ కలిపిన ఆ మిశ్రమాన్ని మాత్రం ఎవరూ పరీక్షించి ఉండరు. డాక్టరు ఆ మనిషి రక్తపరీక్షలు చూసి రాశాడన్న నమ్మకం మీదే పనంతా నడిచేది.

శుక్రవారం మా తెలుగు సహవాసంలో ప్రార్థన అయ్యాక టీ తాగుతూ, తలుపేసుకుని ఆ గదిలో ఏం చేస్తావని అడిగేవారు. చెప్పడమంటే నాకు హుషారు. కంపెనీ మందు రెడీమేడ్ చొక్కా అనుకోండి, మాది కొలతలు తీసుకుని కుట్టింది అనేవాణ్ణి. అందరూ తలలూపేవారు. వాళ్లలో అందరికంటే శ్రద్ధగా వినేది సువార్తమ్మక్క. కోనసీమ మనిషి. బుసైతీన్‌లో ఒక బహ్రెయినీ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. కింద వంటిల్లు, మూడో అంతస్తులో పడకగదులు; ఆ గదులు సర్దే పని కూడా ఆవిడదే. మోకాళ్లు అరిగిపోయాయని, బరువు తగ్గితే బాగుండునని అంటుండేది.

ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆవిడ షాపుకు వచ్చింది. ఆవిడ పనిచేసే ఇంటి మేడం, మా పక్కనున్న బట్టల కొట్లో ఉందట. నన్ను కౌంటరు దగ్గరికి పిలిపించి, సంచిలోంచి సీసా తీసి, అలాంటిదే ఇంకొకటి చేసిపెట్టమంది. లేబుల్ మాదే. దాని మీదున్న పేరు మాత్రం మేడందే.

డాక్టరు మేడంకు వైద్యం మార్చాడట. పాత బట్టలతో పాటు మిగిలిన సీసా కూడా అక్కకు ఇచ్చేసిందట. నెల రోజులుగా వేసుకుంటోందట. ముఖం చిక్కింది. మెట్లు గబగబా ఎక్కేస్తున్నానని సంబరంగా చెబుతోంది. కానీ ఆవిడ నిలబడి సీసా పట్టుకుని ఉండగానే లోపలి క్యాప్సూళ్లు గలగలమంటున్నాయి. ఏసీలో నుదుటి మీద చెమట.

"చెయ్యి వణుకుతోందేంటక్కా?"

"నీరసంలే. నిద్ర పట్టట్లేదు. గుండె ఒకటే దడ. సన్నబడేటప్పుడు అలాగే ఉంటదంటగా."

రోజుకు ఎన్ని వేసుకుంటున్నావని అడిగాను.

"సగమే. మరీ అంత తెలివితక్కువదాన్నా? మేడం నాకు రెండింతలుంటది. ఆవిడిచ్చిన గౌనుకి పక్కలు కుట్టుకుని తొడుక్కోట్లేదా? నువ్వే కదా కొలతకి కుట్టిన బట్టన్నావు. గొట్టం ఊడదీసి సగం పొడి పారబోస్తున్నా."

లోపలికి వెళ్లి మేడం చీటీ ఉన్న ఫైలు తీశాను. థైరాయిడ్ హార్మోను, ఒంట్లో నీరు తీసే మందు, ఆకలి తగ్గించే మందు. మేడంకు థైరాయిడ్ తక్కువ. ఆ హార్మోను ఆమెలో లోటు పూడుస్తుంది. అక్కకు లోటే లేదు. అవసరం లేని మందును సగం చేసినా అది అవసరమైన మందు కాదు. తగ్గిందని ఆవిడ సంబరపడుతున్న బరువులో సగం నీరే అయి ఉంటుంది.

ఇద్రీస్ గారు గడియారం చూస్తూ నాడి పట్టారు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని, మేడంకు చెప్పాలని అన్నారు. అక్క సీసా లాక్కుని సంచిలో వేసుకుంది.

"గుండె జబ్బని రాస్తే ఖలాస్ తమ్ముడూ. విమానం ఎక్కించేస్తారు. నేనసలు రాలేదనుకో."

అక్కడ కాసేపు నేను ఊగిసలాడాను. ఆవిడ భయం ఉత్తది కాదు. వీసా కోసం చేసే మెడికల్ పరీక్షలో పనికిరాదని రాయించుకుని వెళ్లిపోయినవాళ్లను నేనూ చూశాను. మందు ఆపేయమని చెప్పి పంపేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఆ రోజు ఆవిడ మళ్లీ మూడంతస్తులు ఎక్కాలి.

"ఈ దడ సీసాలోంచి వచ్చింది కావచ్చక్కా. అలాగైతే ఆపితే తగ్గుతుంది. ఆ ముక్క డాక్టరే తేల్చాలి. బట్టల సంగతి నేను తప్పు చెప్పాను. బట్ట బిగుతైతే తెలుస్తుంది, ఇది తెలియదు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఇద్రీస్ గారు వెళ్లి మేడంను పిలుచుకొచ్చారు. మేడం లేబుల్ మీద తన పేరు చదువుకుని, వంటమనిషి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఇంట్లో మిగిలినవన్నీ ఈమెకే ఇస్తాను, ఇదీ అలాగే ఇచ్చాను అని అరబ్బీలో అందట, ఇద్రీస్ గారు చెప్పారు. తనే కారు నడిపి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ సీసా మీది లేబుల్ చూపించి, ఇది తను ఇచ్చిన మందేనని అక్కడ చెప్పింది కూడా. ఆ మాటే అక్కను కాపాడింది. కాగితాల్లో జబ్బని కాక, మందు వల్ల వచ్చిన దడ అని రాశారు.

పూర్తిగా నెమ్మదించడానికి వారాలు పట్టింది. మళ్లీ సహవాసానికి వచ్చిన శుక్రవారం, టీ అందిస్తూ అందరి ముందే అంది:

"ఏం టైలరువయ్యా నువ్వు, నా కొలతలన్నీ మళ్లీ మొదటికే వచ్చాయి."

అందరితో పాటు నేనూ నవ్వాను. బరువు తిరిగొచ్చింది, మోకాళ్ల నొప్పీ తిరిగొచ్చింది. ఉద్యోగం మాత్రం పోలేదు. మేడం పడకగదుల పనికి ఇంకో మనిషిని పెట్టింది.

మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో నా నోటుబుక్కుల్లో రాసి ఉంది. మా షాపు దాటాక అది ఎవరి ఒంట్లోకి వెళ్తుందో ఏ పుస్తకంలోనూ చదవలేదు, అడగాలనీ తోచలేదు. ఆ తర్వాత బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్లూ, అలాంటి సీసా అందించేటప్పుడల్లా ఇంట్లో ఇంకెవరైనా దీన్ని వేసుకుంటారా అని అడిగేవాణ్ణి. ఎక్కువమంది నవ్వేసి వెళ్లిపోయేవారు. నవ్వకుండా సీసా వైపు చూసినవాళ్లకు మాత్రం స్టూలు జరిపి, కూర్చోమనేవాణ్ణి.