వదులు మూతల మాస్టారు

మాస్టారు ఏ మూతనూ గట్టిగా బిగించేవారు కాదు. రోజూ ఎనిమిదిన్నరకల్లా ప్రయోగశాలకు వచ్చి, ముందురోజు ఎవరైనా బిగించిన మూతలుంటే వెతికి మరీ వదులు చేసేవారు. ఆ తర్వాతే తెల్లకోటు తొడుక్కునేవారు. ఆరేళ్ల క్రితం దాకా మామూలుగానే ఉండేవారని పాతవాళ్లు చెప్పేవారు.

ఆయన దగ్గర పనిచేసే పరిశోధక విద్యార్థిని మొదట్లో ఆయన్ను నమ్మింది. కీళ్లవాతం వచ్చినవారి కీళ్లపొర నుంచి తీసి ఫ్లాస్కుల్లో పెంచే కణాలకు గాలి ఆడాలి; మూత పావు తిప్పు వదులుగా ఉండటం పద్ధతే. కానీ పంచదార డబ్బా?

“దానికి ఊపిరెందుకు సార్?”

“చెయ్యి అలవాటు తప్పకూడదు కదమ్మా.”

పంచదారకు చీమలు పట్టాయి. జిగురు ఎండిపోయింది. ఆయన సంచిలోని నీళ్లసీసా ఇద్దరు విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలకు స్నానం చేయించింది. రెండోది ఆమెదే. తడి కాగితాలు ఆరబెడుతూ ఆయన కీళ్లవాతం గురించి పాఠం చెప్పారు.

“ఇల్లేమీ తగలబడదమ్మా. ఒక కణం ఊరికే ‘మంట’ అని కేకేస్తుంది. పక్క కణం గుమ్మంలో ఉన్న గ్రాహకం ఆ కేకను అందుకుని లోపలికి మోస్తుంది. లోపలివాళ్లు నిజమేననుకుని తామూ కేకలేస్తారు. ఆ హడావిడికే కీలు వాచిపోతుంది.”

“మొదటిది ఎందుకు కేకేసింది సార్?”

“అది తెలిస్తే ఇంటికెళ్లి పడుకోనూ!”

ఒకనాడు ఆయన ఆలస్యంగా వస్తానన్నారు. ఇదే అదననుకుని విద్యార్థిని కనిపించిన మూతలన్నీ బిగించేసింది. తొమ్మిదింటికి, అక్కడ కణాలు పెంచే ఉద్యోగిని, అందరూ అక్క అని పిలిచే ఆవిడ వచ్చింది. గంటలోగా ఫ్లాస్కుల్లోని పోషక ద్రవం మార్చకపోతే రెండు నెలల ప్రయోగం గంగలో కలుస్తుంది. అక్క సీసామూతను కోటు అంచుతో పట్టుకుంది, కడుపుకు అదుముకుని తిప్పింది. కదల్లేదు. ఆమె వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి.

“ఆరేళ్లుగా ఇంతే. మందు వాడుతున్నాలే, పొద్దున్న పూటే మొండికేస్తాయి,” అంది అక్క. “మాస్టారికి చెప్పకే తల్లీ. ఈ పని తీసేసి కాగితాల దగ్గర కూర్చోబెడతారు.”

అంతలో మాస్టారు వచ్చేశారు. “ఊపిరాడొద్దూ వీటికి!” అని విసుక్కుంటూ ఇరవై నాలుగు ఫ్లాస్కులూ, సీసాలూ, చివరికి పంచదార డబ్బా కూడా వదులు చేశారు. అక్క నవ్వాపుకుంటూ పనిలో పడింది.

విద్యార్థిని ఆయన వెనకే వరండాలోకి పరుగెత్తింది.

“సార్, అక్క సంగతి మీకు...”

“ముప్ఫై ఏళ్లుగా వాచిన కీళ్లే చూస్తున్నానమ్మా.”

“మరి అడగలేదేం?”

“ఆవిడ చెప్పలేదుగా. చెప్పేదాకా నాకు తెలీదు.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. “నీకూ తెలీదు.”

అక్క ఇప్పటికీ ఆ గదిలోనే కణాలు పెంచుతోంది. మాస్టారు రిటైరై రెండేళ్లయింది. రోజూ పొద్దున్నే ఓ పావుగంట వచ్చి పోతుంటారు. అక్కడ ఆయనకు జీతమూ లేదు, కుర్చీ కూడా లేదు.