అమ్మోరి భుజం మీద బెల్లం

"మావా, ఈ గంజి తాగు. బెల్లమేసినాను."

"ముందు మాటియ్యి. రత్నాన్ని ఇంజినీరు సదివిస్తానను."

"సదివిస్తాను. తాగు."

అంతే. జబ్బుతో మంచం పట్టిన మా ఆయన గంజి తాగి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆ గుక్కెడు లోపలికి పోవాలని ఇచ్చిన మాట అది. చందమామను అడిగినా ఆ పూట ఇచ్చేద్దును. ఆ మాటే తరవాత నన్ను ఊరి ఆడవాళ్ళందరి ముందూ బెల్లంలో ఇరుక్కున్న ఈగను చేసింది. నవ్వుకోండి, అందుకే చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. రాస్తున్నది ఆ రత్నమే, నా కూతురు.

ఇంజినీరంటే పడవ ఇంజను బాగుచేసే మనిషని మా ఆయన నమ్మకం. నాదీ అదే. నడిసముద్రంలో ఇంజను అలిగి కూర్చుంటే, "నా కూతుర్ని సదువుకోనీ, నీ సంగతి సెప్తాది" అని దాన్ని బెదిరించేవాడట. రత్నానికేమో లా పిచ్చి. ఒడ్డున చేపల వేలంపాటలో ఒక షావుకారు మా చేప తాజాది కాదన్నాడు. ఇది మొప్ప ఎత్తి, "ఇది ఎరుపా, నలుపా? నువ్వే సెప్పు బాబూ" అంది. పాపం, అతను కంగారులో డబ్బిచ్చేసి చేపతో పాటు మా బుట్ట కూడా మోసుకెళ్ళిపోయాడు.

ఇంటరు అయ్యాక గొడవ మొదలైంది.

"ఇంజను సూస్తే నాకు నిద్దరొస్తాదమ్మా. ఎవులైనా అబద్ధమాడితే మెలకువొస్తాది. లా సదువుతాను."

"మీ నాన్నకి మాటిచ్చినానే!"

"నన్నడిగి ఇచ్చినావా?"

అమ్మోరినే అడుగుదాం పదన్నాను. ఏ మాటా తెగనప్పుడు మా ఊళ్ళో అమ్మోరిని పువ్వడుగుతాం. తడిపిన పూలు విగ్రహం రెండు భుజాలకూ అంటిస్తారు. ఏది ముందు రాలితే అదే తల్లి మాట. చామంతి ఇంజినీరు, మందారం లాయరు అనుకుని ఇద్దరం ఒప్పుకున్నాం.

అమ్మోరంటే నాకు నమ్మకమే. కాస్త సాయం చేస్తే తప్పేమిటని మాత్రం అనిపించింది. నైవేద్యం బెల్లం తడిపి మందారం వెనక మెత్తాను. ఇక అది రాలదు, చామంతే రాలుతుంది, ఆయనకిచ్చిన మాట నిలుస్తుంది. పూజారి తాతకు చూపు ఆనదు. తీసుకుని అంటించేశాడు.

ఎంతసేపు కూర్చున్నా చామంతి కదలదు. ఈలోగా చీమలు పెళ్ళికి బయల్దేరినట్టు వరుసకట్టాయి.

"తాతా, సీమలు సామంతి వేపు ఎల్లవేటి? అన్నీ మందారం కాడికే ఎలతన్నాయి" అంది రత్నం.

"తల్లి మహిమ!" అన్నాను, తాత కంటే ముందే.

"సరే, నువ్వే సెప్పమ్మా. పూలు ఎవులు తడిపినారు?"

"నేనే."

"బెల్లం ఎవులు తెచ్చినారు?"

"నేనే."

"మరి ఆ కుడిసెయ్యి కొంగులో ఎందుకు దాసినావు?"

"సలేస్తన్నాది!"

"ఈ ఎండలోనా?"

గుడికొచ్చిన ఆడవాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సరిగ్గా అప్పుడే దీపం వేడికి బెల్లం కరిగి, మందారం చీమలతో సహా జారి నా ముందు పడింది.

"తల్లి సెప్పేసినాది!" అన్నాడు తాత.

ఇంటికొచ్చి ఏడ్చాను. "మీ నాన్నకిచ్చిన ఆఖరి మాటే, తప్పినాను."

రత్నం నా జిగురు చెయ్యి కడుగుతూ అంది: "బెల్లం లేకపోతే నాన్నకి గంజి దిగదు కదమ్మా. ఆ బెల్లమే కరిగి పువ్వుని దించినాది. నాన్నే నిన్ను ఆ మాట నించి ఒగ్గేసినాడు."

అది లాయరు మాటని నాకు తెలుసు. అయినా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇప్పుడు రత్నం నల్లకోటు వేసుకుని శ్రీకాకుళం కోర్టుకి వెళ్తుంది. మా మరిది నడుపుతున్న ఆ పడవ ఇంజను ఇంకా అలుగుతూనే ఉంది. ఒకసారి కోటు చూపించి దాన్ని బెదిరించమని రత్నానికి చెప్పాను.

ఇక సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అమ్మోరి పనిలో మళ్ళీ వేలు పెట్టను. పెట్టినా బెల్లం వాడను.

ఒసే రత్నం, రాసినావా? ఏదీ, మొదట్నించి సదువు. నేను సెప్పిందే రాసినావో, నీ పక్క వాదన కలిపినావో ఇంటాను.